పెరటాసి మూడో శనివారం

బడి రికార్డులో మునికుమారి పుట్టింది జులై ఒకటిన.
ఆ ఏడు ఒకటో తరగతిలో చేరినోళ్లంతా
జులై ఒకటినే పుట్టినారు.
పద్దెనిమిది మంది పిలకాయలు, ఒకే కలం, ఒకే సిరా.

వాళ్లమ్మ లెక్క వేరే.
పెరటాసి మూడో శనివారం పొద్దున
నామాలు పెట్టుకున్న పిలకాయలు చెంబులు పట్టుకొని
వాకిట్లో "గోవిందా" అని అరస్తా ఉంటే
బియ్యం వెయ్యను లేచిన మనిషి
లేచినట్టే కూలబడిందంట.
ఆ పిలకాయలే చెంబులు ఆడే పడేసి
మంత్రసాని కోసం పరిగెత్తినారంట.

అందుకే ఈ పొద్దు.
అందుకే గుడ్డు లేదు.
పెరటాసి శనివారం మా గ్రీమ్స్‌పేటలో
గుడ్ల అంగడాయన కూడా
అట్టలు బోర్లించి వాటి మీదే నిద్రపోతాడు.

పెరుగు పోస్తే పొంగుతుంది అనింది ఎదురింటి అముద.
సోడా ఉప్పు చిటికెడా, చెంచానా?
ఆమె చెప్పలా. నేను అడగలా.

ఓవెన్ లేదు,
అడుగు మాడిన డేక్సా ఉంది.
దాంట్లో రెండు పాకెట్ల కల్లుప్పు, ఉప్పు మీద స్టాండు,
స్టాండు మీద ఆరు కాఫీ లోటాలు.
లోటాల లోపల, మావాడి నోటుబుక్కులో
రాయకుండా మిగిలిన కాగితాలు, నెయ్యి పూసి.
చక్కెర వెయ్యలేదు.
ఈ ఊర్లో ఉండి చక్కెర వేస్తే
బెల్లం మండీ ముందర తలెత్తుకొని నడవద్దా?

మూత తీస్తే
ఇల్లంతా బెల్లం వాసన, మంచిదే,
ఆరింటికీ నడిమధ్య గుంత.
కాసేపు గోడకానుకొని కూర్చున్నా.
ఎండాకాలం గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోయినప్పుడు
సొట్టపడిందని సగం ధరకిచ్చిన డబ్బా గుర్తొచ్చింది.
గుంతలో మామిడి గుజ్జు పోస్తే గుంత కనపడదు.
రోడ్డు కాంట్రాక్టర్లు చేసేదీ అదే కదా.

పదకొండు నలభైకి తిరుపతి బస్సు.
చిత్తూరు స్టాండులో ఆగేది ఏడు నిమిషాలు.
సంచి, టికెట్ మిషను, జడ
మూడూ ఊగుతా దిగింది మునికుమారి.
"ఏందిమే ఇది?"
"తెరువు, టైమైపోతాంది."

కొవ్వొత్తి గుచ్చినాను.
"డీజిల్ బండి పక్కన అగ్గిపుల్లా?" అని
సీట్లోంచే అరిచినాడు డ్రైవరు ధనకోటి.
సరే అని,
వెలిగించని కొవ్వొత్తినే ఊదింది,
బుగ్గలు నిండా గాలి పట్టి, విజిల్ ఊదినట్టు.

ధనకోటికి ఒకటి.
రెండు రూపాయలు చిల్లర బాకీ ఉన్న ముసలామెకి ఒకటి,
చిల్లర కింద కాదు, చిల్లర వేరే.
ఏడ్చే బిడ్డకి ఒకటి, ఆ బిడ్డ తల్లికి ఒకటి.
నిలబడే తాను ఒకటి కొరికి
కళ్లు చిట్లించింది.
"ఉప్పు తగులుతాంది."
"డేక్సాలోది పడినట్టుంది."
"ఉప్పు తినిపించినావు గదా,
ఇంక నిన్ను మర్చిపోయేదానికి లేదు" అని
నవ్వతానే మెట్టెక్కి "రైట్" అనింది.
కేకుల డబ్బా ఆమెతోనే పలమనేరు పోయింది.

మూడుంబావుకి తిరిగొచ్చిన బస్సు కిటికీలోంచి
డబ్బా నా చేతికందింది.
ఖాళీ డబ్బా ఇయ్యకూడదని ఆమెకీ తెలుసు.
లోపల ఒక టికెట్టు.
చిత్తూరు నుంచి పలమనేరు, పెద్దలు ఒకరు,
ఈ పొద్దు తేదీ, టైము పదకొండు నలభై ఆరు.
డబ్బులు తన జేబులోంచే సంచిలో వేసిందంట.
వెనకాల పెన్నుతో రాసింది:
"నేను పుట్టిన తేదీ పడిన కాయితం
నాకు ఇదొక్కటే ఉండాది. జాగర్తమే."

మిషను టికెట్టు మీద అక్షరాలు
వెలుతురు తగిలితే నాలుగు నెల్లకు ఎగిరిపోతాయి.
ఆ సంగతి నాకు చెప్పింది ఆమే.

అందుకే దాన్ని మడిచి
బియ్యం డబ్బాలో, అడుగుకి తోసి పెట్టినాను.